పిట్ట ముట్టని మామిడి పప్పు

కొత్తవాడలో రాజక్క నోటికి భయపడనివాళ్ళు లేరు. ములుగు దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చి, ముప్ఫై ఏళ్ళు జంపఖానాల మగ్గం పక్కన కండెలు చుట్టింది. చుట్టినంతసేపూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది. ఆ తిట్లలో ఎక్కువ భాగం గోడ అవతల కాపురముండే యారాలు అనసూర్యకు, అంటే మరిది రాజమల్లు భార్యకు దక్కేవి. మిగిలినవి భర్త ఉప్పలయ్యకు. ఆయన నేస్తూనే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది.

ఎనభై మూడు జనవరిలో ఉప్పలయ్య జ్వరంతో పోయాడు. పోయే ముందు రోజు ఆయన అడిగింది ఒక్కటే: "పుల్లటి మామిడికాయ పప్పు తినాలనిపిస్తాందే." పుష్యమాసంలో మామిడికాయ ఎక్కడిది? రాజక్క మార్కెటంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మధ్యాహ్నం దాకా ఒక్క కాకీ రాలేదు. చివరికి ఆవుకు పెట్టి అయిందనిపించారు. ఏడాది మాసికం నాడైనా ఆ పప్పు పెట్టి తీరాలని రాజక్క పట్టుబట్టింది. కానీ అదీ పుష్యంలోనే వస్తుంది కదా!

దారి దొరికింది కూడా ఆమెకు గిట్టని ఇంట్లోనే. ఆ వేసవిలో రాజమల్లు, బదిలీ మీద పోతున్న ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ దగ్గర పాత ఫ్రిజ్ కొన్నాడు. అనసూర్య దానికి తాళం వేసి, చెవి కొంగుకు కట్టుకుంది.

"బీరువకు తాళమేస్తరు గని, మంచినీళ్ళకు తాళమేసుడేందే?" అని వాడంతా వినేట్టు ఎకసెక్కాలాడిన రాజక్కే, వైశాఖంలో మామిడికాయలు తరిగి, ప్లాస్టిక్ కవర్లో కట్టుకుని ఆ గడప ఎక్కింది.

"అక్కా, పచ్చివి గట్లనే పెడితె నల్లగైతయి," అంది అనసూర్య. "మసిలే నీళ్ళల్ల ఒక్క నిమిషం ముంచి, చల్లనీళ్ళల్లేసి, తడి ఆరినంక పెట్టాలె. వారపత్రికల చదివిన."

"మామిడికాయ ముచ్చట నాకు నేర్పుతానవా? నేను పుట్టి పెరిగిందే తోటలల్ల. తాళం తియ్యి."

అనసూర్య మూతి తిప్పుకుంటూ తీసింది. పైన ఐసు పెట్టే చిన్న అరలో రాజక్క కవరు దూర్చి వచ్చేసింది. ఆ తర్వాత నెలల తరబడి యుద్ధమే. కరెంటు పోయినప్పుడల్లా రాజక్క పరుగెత్తుకొచ్చేది. మాటిమాటికి తలుపు తీస్తే కరుగుతాయని అనసూర్య తాళంచెవి ఇచ్చేది కాదు. "పారేసినట్టున్నవ్, అందుకే చూపిస్తలేవ్" అని ఈమె శాపనార్థాలు పెట్టేది.

ఏడాది మాసికం పొద్దున అనసూర్య తాళం తీసింది. "మంచు పేరుకుంది. కరెంటు బందు చేసి కరగనియ్యి, జర ఓపిక పట్టు," అని స్నానానికి పోయింది. ఓపిక రాజక్కకు చేతగాని పని. ఇంటికి పోయి ఉప్పలయ్య పంజా పట్టుకొచ్చింది. జంపఖానా పోగుల్ని దగ్గరికి కొట్టే ఇనుప గోళ్ళ పనిముట్టు అది. దాంతో మంచును నాలుగు పోట్లు పొడిచింది. కవరు ఊడొచ్చింది, వెంటనే సుయ్‌మని చప్పుడు. అర రేకుకు చిల్లి పడి గ్యాసంతా పోయింది.

అనసూర్య తడి చీరతో వచ్చి లబలబలాడింది. "నీ చేతులిరగ! నా ఫ్రిజ్ పాణం తీసినవ్ గదనే!"

పెద్దదాన్ని పట్టుకుని అంత మాట అన్నందుకు రాజక్క ఆమె పుట్టింటివాళ్ళందరినీ పేరుపేరునా తిట్టింది. తిట్టి, కవరు విప్పి చూసి నోరు మూసుకుంది. ముక్కలు నల్లబడి, మెత్తగా పేస్టులా అయిపోయాయి.

అయినా వాటితోనే పప్పు వండి, దాబా మీద విస్తరి పెట్టింది. పిట్ట ముట్టందే ఎవరూ తినకూడదు. చుట్టాలు ఆకలితో కింద కూర్చున్నారు. కాకులు గోడ మీద వాలాయి, చూశాయి, లేచిపోయాయి. "రావయ్యా, తిను" అని పిలిచి పిలిచి రాజక్క గొంతు బొంగురుపోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక అనసూర్య మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఇంకో కవరు. ఫ్రిజ్ చచ్చి మంచు కరిగాక బయటపడింది. లోపల మామిడి ముక్కలు చెట్టు నుంచి ఇప్పుడే కోసినట్టున్నాయి.

"నీవి ఖరాబైతయని నాకెరుకే. అందుకే నేను గూడ కొన్ని ఉడుకునీళ్ళల్ల ముంచి ఎనక దాచిన."

"నా మీద దయతల్చినవా?"

"నీకెవలు పెట్టిండ్రు? బావకు పెట్టిన. కొత్తగ వచ్చినప్పుడు నాకు మగ్గం నేర్పింది ఆయన."

తీసుకుంటే అనసూర్య గెలిచినట్టు. తీసుకోకపోతే ఆయన ఇంకా ఆకలితోనే తిరుగుతాడు. రాజక్క చెయ్యి చాచి, "ఇటియ్యి" అంది. ఆ ఒక్క మాటకు ఆమె పడ్డ కష్టం జన్మలో దేనికీ పడలేదు.

కొత్త పప్పు వండి తెచ్చి పెట్టి రెండడుగులు వెనక్కి వేసిందో లేదో, కాకి వాలింది. సరాసరి పప్పులోనే ముక్కు పెట్టింది. కింద చుట్టాలు "ముట్టింది, ముట్టింది" అని ఊపిరి పీల్చుకున్నారు. రాజక్క వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషమని అందరూ అనుకున్నారు. అది ఉడుకుమోత్తనం.

ఫ్రిజ్ మళ్ళీ చల్లబడలేదు. అనసూర్య దాంట్లో నూలు కండెలు పెట్టుకుంది, తాళం వేయడం మాత్రం మానలేదు. రాజక్క దాని మీద ఒక్క ఎకసెక్కమూ ఆడలేదు. ఆమె తిట్లన్నీ ఇప్పుడు గోడకున్న ఫొటోకే. రోజూ పొద్దున దీపం పెట్టి, ఉప్పలయ్య నవ్వును గుడ్లురిమి చూస్తూ అడుగుతుంది:

"ముప్ఫై ఏండ్లు నా చేతి కూడు తిని, ఆఖరికి దాని ముక్కలు కావాల్సొచ్చినయా నీకు? తిన్నవ్ గదా. అరిగిందా?"