కాదంటానా

మా వైపు పెద్దమనిషి "కాదంటానా" అన్నాడంటే ఆ పని అయిపోయినట్టే. పిల్లనిస్తారా అని అడగడానికి వెళ్తే "మీ అంతటివారు అడిగితే కాదంటానా" అంటారు, మర్నాడే ముహూర్తాలు చూపించుకుంటారు. కౌలుకి చేను అడిగినా, ఒక పూటకి ఎడ్లబండి అడిగినా ఇదే వరస. "అవును, ఇస్తాను" అని మొహం మీద చెప్పడం మా దగ్గర కాస్త మోటు. కృష్ణా జిల్లాలో బడికెళ్లే పిల్లాడికి కూడా ఈ సంగతి తెలుసు. తెలుగులో ఎం.ఏ. చేసిన మా ప్రిన్సిపాలు గోవర్ధనరావు గారికి మాత్రం ఒక్కసారి తెలియకుండా పోయింది. ఆ ఒక్కసారికే మా నాంచారయ్య బతుకు బలైంది.

నా పేరు సలాం. బందరు కోనేరు సెంటర్లో బ్యాటరీల కొట్టు నాది. నాకు కోపం ఎక్కువని ఇంట్లోవాళ్లూ, ఆ కోపంతో వచ్చిన బేరం చెడగొట్టుకుంటానని పక్క కొట్టువాళ్లూ అంటుంటారు. నాంచారయ్య సంగతి చెప్పేటప్పుడు ఆ కోపాన్ని దాచుకునే ఉద్దేశం నాకేమీ లేదు.

వాడిది దివిసీమ. నాగాయలంక దాటాక ఏటి నడుమ లంకలో ఊరు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చేనాటికి మూడేళ్లవాడు. వాళ్లమ్మ కొండమ్మ వాణ్ణి చీరకొంగుతో వీపుకి కట్టుకుని, తాడిచెట్టుని కావలించుకుని ఆ గాలివానంతా నిలబడింది. నీళ్లు తీశాక మొగుడి కోసం వెతికితే మనిషే కాదు, ఇల్లున్న చోటు కూడా కనబడలేదట. తర్వాత ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి కొడుకుని ఇంటర్ దాకా లాక్కొచ్చింది. ఆపైన బందరు పంపి మా కాలేజీలో బి.కాం.లో చేర్పించింది.

అక్కడే నాకు వాడు తగిలాడు. మొదటి వారంలోనే నన్ను "బావా" అన్నాడు. మా ఇంటికొచ్చి మా అమ్మ బషీరాని "అత్తా" అని పిలిచి, పెట్టమని అడక్కుండానే పళ్లెం ముందు కూర్చున్నాడు. మా అమ్మ ముందు బిత్తరపోయింది. తర్వాత వాడు రాని రోజున గుమ్మంలోకి వచ్చి చూడటం మొదలెట్టింది.

చదువులో వాడు అంతంతమాత్రం. కబడ్డీలో మాత్రం వాణ్ణి పట్టినవాడు లేడు. సన్నగా, పొడుగు చేతులతో ఉండేవాడు. కూతకి వెళ్లినప్పుడు కూత ఆపకుండానే అవతలివాళ్లని చూసి నవ్వేవాడు. ఆ నవ్వుకి ఒళ్లు మండి నలుగురూ మీద పడితే, ఏ సందులోంచో జారిపోయి గీత దాటేవాడు. సముద్రపు ఒడ్డున పెరిగినవాడు కదా, చేపలా జారతాడని మేం ఏడిపించేవాళ్లం.

మా కాలేజీలో చేరేటప్పుడే గేమ్స్ ఫీజు, కల్చరల్ ఫీజు, మ్యాగజైన్ ఫీజు కట్టించుకునేవారు. ఆ మ్యాగజైన్‌ని నేను కళ్లతో చూసిన పాపాన పోలేదు. కల్చరల్ అంటే వార్షికోత్సవం నాడు కాలేజీ కమిటీ పెద్దలకి శాలువాలు కప్పడం. గేమ్స్ ఫీజు ఏమైందో మాత్రం అందరికీ కనబడుతూనే ఉండేది. ప్రిన్సిపాలు గది ముందు పాలరాయి పరిచి కొత్త పోర్టికో కట్టారు. గ్రౌండుని ఎగ్జిబిషన్ వాళ్లకి అద్దెకిచ్చారు. ఆటలు నేర్పే సారు రిటైరైతే ఆ కుర్చీలో ఇంకొకర్ని వెయ్యలేదు. మేం రైలు స్టేషన్ పక్క బీడులో ముళ్లు ఏరుకుని ఆడుకునేవాళ్లం.

తొంభై నాలుగులో యూనివర్సిటీ కూడా చేతులెత్తేసింది. నిధులు లేవు, ఈ ఏడు కాలేజీల మధ్య పోటీలు లేవు అన్నారు. అప్పుడు గుడివాడ కుర్రాళ్లు పౌరుషానికి పోయి, షాపుల్లో చందాలు పోగేసి తామే కబడ్డీ పోటీలు పెట్టారు. అన్ని కాలేజీలకీ కబురు చేశారు. మీ ప్రిన్సిపాలు ఒప్పుకుంటే రండి, కాలేజీ పేరు మీదే ఆడాలి అన్నారు.

నాంచారయ్య మా కెప్టెన్. వాడూ నేనూ ప్రిన్సిపాలు గదికి వెళ్లాం. గోవర్ధనరావు గారు మంచి మాటకారి. పిల్లల్ని "నాయనా" అనే పిలిచేవారు.

"బడ్జెట్ లేదు నాయనా" అన్నారు, మేం నోరు తెరవకముందే.

"ఖర్చు మేమే పెట్టుకుంటామండీ. కాలేజీ పేరు మీద ఆడటానికి మీరు సరేనంటే చాలండీ" అన్నాడు నాంచారయ్య.

ఆయన నవ్వి, లేచొచ్చి వాడి భుజం తట్టారు. "కాలేజీకి పేరు తెస్తామంటే నేను కాదంటానా?"

ఇంకేం కావాలి? ఇద్దరం గాల్లో తేలుతూ బయటికొచ్చాం. పెడనలో మా క్లాసు కుర్రాడి నాన్న బట్టల మీద అద్దకం పని చేసేవాడు. మా బనియన్ల మీద కాలేజీ పేరు ఆయనే అద్దిచ్చాడు. దుప్పట్లకి వాడే ఎర్రరంగే అది, ఉతికినా పోదన్నాడు.

గుడివాడలో ఫైనల్ ఆట. ఆఖరి కూతకి నాంచారయ్య వెళ్లాడు. ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. నలుగురు మీద పడ్డారు. వాళ్ల బరువు కింద ఒంగిపోయి కూడా కూత ఆపలేదు, చెయ్యి చాపి గీత తాకాడు. పాయింటు మాది, షీల్డు మాది. మేం గెంతుతూ వెళ్లి వాణ్ణి ఎత్తుకోబోయాం. "ఆగు బావా, కాళ్లేవి?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. అది గట్టి మట్టి నేల. కింద మెత్తగా పొట్టు పోయించాలని చెప్పే మనిషి లేడు, దెబ్బ తగిలినవాణ్ణి ఎలా ఎత్తాలో తెలిసిన మనిషీ లేడు. తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లాం. అక్కడ బనియన్‌ని కత్తెరతో కోశారు. వెన్నుపూస చితికిందన్నారు, నడుం కింద ఇక కదలదన్నారు.

మర్నాడు గోవర్ధనరావు గారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. వాడి తల నిమిరారు. వెళ్తూ వెళ్తూ షీల్డుని కార్లో పెట్టుకుని తీసుకెళ్లారు. అది ఆయన గదిలో అద్దాల బీరువాలోకి చేరింది.

యూనివర్సిటీలో విద్యార్థుల సంక్షేమానికని ఒక నిధి ఉంది. కాలేజీ పంపిన ఆటగాడికి దెబ్బ తగిలితే, మళ్లీ మనిషయ్యేదాకా వైద్యం ఆ నిధిలోంచే చేయిస్తారు. మద్రాసులో మంచి వైద్యం ఉంది, కూర్చునేట్టు చేస్తారు, చంకల్లో కర్రలతో నిలబడేట్టూ చెయ్యొచ్చు అని డాక్టర్లన్నారు. దానికి కావలసింది ఒక్కటే. పంపింది మేమేనని ప్రిన్సిపాలు చెప్పాలి. ఆయన చెప్పలేదు. పంపానంటే, వెంట ఒక లెక్చరర్నయినా ఎందుకు పంపలేదని అడుగుతారు. గేమ్స్ ఫీజు ఏదని అడుగుతారు. పోర్టికో ఊడదీసి చూపించలేరు కదా.

కొండమ్మ గంప దించి ఆఫీసు గుమ్మంలో కూర్చునేది. "మావోణ్ణి పంపింది మీరేనని ఒక్క ముక్క చెప్పండి బాబయ్యా" అనేది. చేపల కంపు కొడుతోందని ప్యూను ఆమెని పోర్టికో బయటికి జరిపేవాడు.

మేం గొడవ చేస్తే యూనివర్సిటీ నుంచి ఒక ఆఫీసరు విచారణకి వచ్చాడు. ఎక్కడివాడో గానీ మా జిల్లావాడు కాడు. నన్ను పిలిచాడు. గోవర్ధనరావు గారు పక్కనే కూర్చుని ఉన్నారు.

"ప్రిన్సిపాలు గారు మిమ్మల్ని వెళ్లమన్నారా?"

"కాదంటానా అన్నారండీ."

"వెళ్లమన్నారా లేదా, అది చెప్పు."

"మా దగ్గర అదేనండీ వెళ్లమనడం."

ఆఫీసరు ఆయన వైపు చూశాడు. ఆయన ఏమీ తడబడలేదు. "కాదనలేదండీ, నిజమే. అవునని కూడా అనలేదు. పిల్లలు ఉత్సాహం కొద్దీ వెళ్లారు" అన్నారు.

ఆఫీసరు నా పేరు ఇంకోసారి చూసుకున్నాడు. "నీకు తెలుగు సరిగ్గా అర్థమై ఉండదు బాబూ" అన్నాడు, జాలిగా.

ఇంటర్లో తెలుగులో కాలేజీ ఫస్టు నేను. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ అయినా మేం తిట్టుకునేది తెలుగులోనే. ఆ రోజు అందులో మంచి మంచివి నోటిదాకా వచ్చాయి. మింగేశాను. విచారణ అయిపోయింది. గెలుపు కాలేజీది, దెబ్బ వాడిది అని తేలింది. తెలుగు ఎం.ఏ. వారి వ్యాకరణం అలా ఉంది.

కొండమ్మ లంకలో ఊరు విడిచి, బందరు చిలకలపూడిలో ఒక రేకుల గదిలో కొడుకుతో కాపురం పెట్టింది. వేసవిలో రేకులు కాలి గది పొయ్యిలా ఉండేది. పొద్దున్నే ఆమె కొడుకుని వీపున వేసుకుని వేపచెట్టు నీడలోకి తెచ్చి పడుకోబెట్టేది. ఎండెక్కాక లోపలికి మోసేది. ఆమె బక్కమనిషి. నేను సాయం పడతానంటే ఒప్పుకునేది కాదు. "ఉప్పెనలోనే వదల్లేదు. ఇప్పుడు వదుల్తానా?" అనేది. అదీ "తానా" మాటే. ఆ మాట మీద ఆమె చివరిదాకా నిలబడింది.

నాంచారయ్య చేతులు బాగానే ఉండేవి. పడుకునే ఉండి చేపల వలలు అల్లేవాడు. ఎకసెక్కాలు మానలేదు. "ఆ షీల్డుదీ నాదీ ఒకటే బతుకు బావా. ఎవరన్నా తుడిస్తేనే శుభ్రం" అని నవ్వేవాడు. నేను నవ్వలేక గోడవైపు తిరిగేవాణ్ణి. వాడికి రోడ్డు చూడాలని ఉండేది. కోనేరు సెంటర్ దాకా వచ్చి నా కొట్టు ముందు కూర్చోవాలని ఉండేది. చక్రాల కుర్చీ కొనే తాహతు వాళ్లకీ లేదు, అప్పట్లో నాకూ లేదు. అన్నిటికంటే ఎక్కువగా కావలసింది మాత్రం ఆ ఒక్క ముక్కే. "దొంగతనంగా వెళ్లినట్టు అయింది బావా. నేనేదో చెప్పకుండా పారిపోయి నడుం విరగ్గొట్టుకొచ్చినట్టు" అనేవాడు.

పదేళ్లు దాటాయి. గోవర్ధనరావు గారు రిటైరై అదే కాలేజీకి కరస్పాండెంటు అయ్యారు. రెండువేల ఐదులో కాలేజీలకి గ్రేడులిచ్చే కమిటీ ఒకటి వస్తుందన్నారు. విద్యార్థులు సొంతంగా ఏమేం చేశారు, కాలేజీ వాళ్లకి ఎలా అండగా నిలబడింది అని అడుగుతారట. కాలేజీలో చూపించడానికి ఏముంది? బీరువాలో షీల్డు ఉంది. చిలకలపూడిలో నాంచారయ్య ఉన్నాడు.

ఆయన కారు రేకుల గది ముందు ఆగింది. నేనూ అక్కడే ఉన్నాను. మళ్లీ బత్తాయిలే తెచ్చారు.

"ఒక్క గంట వచ్చి స్టేజీ మీద ఉంటే చాలు నాయనా. చక్రాల కుర్చీ మేమే తెప్పిస్తాం. తర్వాత అది నీకే" అన్నారు.

కుర్చీ అనగానే కొండమ్మ కళ్లు ఎలా వెలిగాయో నేను చూశాను. ఆమె వీపు అప్పటికే ఒంగిపోయింది.

"వస్తానండీ" అన్నాడు నాంచారయ్య. "ఆ రోజు నన్ను గుడివాడ పంపింది కాలేజీయేనని మైకులో మీ నోటితో చెప్పండి. ఇంకేం వద్దు."

"ఓస్, అంతేనా? నువ్వు చెప్పమంటే కాదంటానా?"

నాంచారయ్య నవ్వాడు. కూతకి వెళ్లినప్పటి నవ్వు. అది చూసి ఎన్నేళ్లయిందో.

"ఆ మాట వద్దండీ. దానికి నా నడుం ఇచ్చేశాను. చెప్తానంటే చెప్తాననండి."

ఆయన బయట కారు వైపు చూశారు. "ఎప్పటి గొడవలో ఇప్పుడెందుకు నాయనా. రికార్డు ఒకలా ఉంది, నేనొకలా చెప్తే బాగుంటుందా?" అంటూ లేచారు. కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు.

కారు వెళ్లాక కొండమ్మ బత్తాయిల సంచీ విసిరికొట్టింది. కోపం ఆయన మీద కాదు. "ఒక్క మాట లేకపోతే ఏం పోయిందిరా? బండొచ్చేది కదరా!" అని కొడుకు మీద అరిచింది. "బండెక్కి ఎక్కడికెళ్లనే అమ్మా, వాళ్ల అబద్ధాన్ని ఊరేగించడానికా?" అన్నాడు వాడు. నేనైతే ఒప్పేసుకునేవాణ్ణి. వాడు ఒప్పుకోనందుకు నాకు గర్వంగా ఉంది, ఏడుపూ వస్తుంది. కమిటీ వచ్చింది, షీల్డు చూసింది, మంచి గ్రేడే ఇచ్చి వెళ్లింది.

మరుసటి వానాకాలంలో వాడి వీపు మీద పడక పుండ్లు చీము పట్టాయి. జ్వరం తగ్గలేదు. కొండమ్మ వాణ్ణి వీపున వేసుకుని రిక్షా దాకా మోసింది. ఆసుపత్రి నుంచి తిరిగి మోయాల్సిన పని పడలేదు.

నెల తిరక్కుండా కాలేజీ నుంచి కబురొచ్చింది. సంస్మరణ సభ, తల్లిని తీసుకురండి అన్నారు. ఇండోర్ స్టేడియం కోసం ప్రభుత్వానికి అర్జీ పెట్టారట, దానికి ఒక పేరు కావాలట. చచ్చిపోయినవాడు వైద్యం అడగడు కదా. కొండమ్మ రానంటుందనుకున్నాను. చీర మార్చుకుని బయల్దేరింది.

ప్యూను ఆమెని పోర్టికోలోకి చెయ్యి పట్టుకుని నడిపించాడు. పాలరాతి మీద బల్ల, బల్ల మీద నాంచారయ్య ఫొటో, దండ. కింద ఒక ఫలకం, పెద్ద పెద్ద అక్షరాలతో. కొండమ్మకి చదువు రాదు.

"ఏం రాశారు సలామూ?"

చదివాను. "కళాశాల పంపగా గుడివాడ పోటీలలో పాల్గొని, కళాశాల కీర్తి కోసం గాయపడిన మన క్రీడాకారుడు నాంచారయ్య."

"మొదటి ముక్క ఇంకోసారి చదువు."

"కళాశాల పంపగా."

గోవర్ధనరావు గారు చేతులు జోడించుకుని మా వైపే వస్తున్నారు. కొండమ్మ ఆయన్ని దగ్గరదాకా రానిచ్చింది.

"ఇప్పుడా బాబయ్యా పంపింది?" అంది.