అడగని క్షమాభిక్ష

ఎవరైనా తప్పు చేస్తే శ్యామలాదేవి గారికి కోపం వచ్చేది కాదు. సంతోషం వచ్చేది, క్షమించడానికి ఒకరు దొరికారు కదా అని.

ఆవిడది కాకినాడ. పెళ్ళికి ముందు అక్కడే ఒక డిగ్రీ కాలేజీలో రెండేళ్ళు యూరప్ చరిత్ర చెప్పారు. భర్త గంగాధర్ గారికి షిప్‌యార్డులో ఇంజనీరు ఉద్యోగం రావడంతో సింగపూర్ వచ్చి, కొన్నాళ్ళకి పుంగ్గోల్‌లో ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడ్డారు. కాలేజీ పోయింది గానీ పాఠం పోలేదు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కలిసి "ముంగిలి" అని ఒక బృందం పెట్టుకున్నప్పుడు, చదువుకున్నావిడ, తీరికున్నావిడ, పైగా గొంతున్నావిడ అని ఆవిడని అధ్యక్షురాలిని చేశారు. ఉగాదికీ దీపావళికీ హాలు తీసుకోవడం, పిల్లల చేత పాటలు పాడించడం, తలా ఒక వంటకం తెచ్చుకుని తినడం, బృందం పని ఇంతే. ఇంత చిన్న రాజ్యానికి అంత పెద్ద రాజనీతి ఎందుకని ఎవరికీ తోచలేదు. ఆవిడకి అసలే తోచలేదు.

"శిక్షించడం పోలీసువాడికీ వచ్చండీ. క్షమించడం సీజర్‌కే వచ్చు" అనేవారు ఆవిడ. యుద్ధంలో ఓడిన శత్రువుల్ని సీజర్ చంపకుండా వదిలేశాడనీ, ఆ క్షమ పేరు మీద గుడి కట్టాలని రోమ్ పెద్దలు తీర్మానించారనీ కళ్ళు మెరుస్తుండగా చెప్పేవారు. సీజర్ వారసుడు అగస్టస్ కుర్రతనంలో వందలమంది పేర్లు ప్రకటించి మరీ చంపించి, పీఠం గట్టిపడ్డాక దయామయుడయ్యాడన్నది కూడా దాచేవారు కాదు. కాకపోతే మొదటి సగం కాస్త గబగబా చెప్పేవారు.

ఆవిడ క్షమ ఎలా ఉంటుందో మొదట రుచి చూసినవాడు మహీధర్. సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భారీ మనిషి. ఒక దీపావళికి మైకులు తెస్తానని ఒప్పుకుని, తెచ్చి, వాటి బ్యాటరీలు ఇంట్లో మరిచిపోయాడు. ఇంకొకరైతే నాలుగు మాటలని ఊరుకునేవారు. శ్యామలాదేవి గారు ఏమీ అనలేదు. ఆ ఆదివారం పొద్దున్నే వాటర్‌వే దగ్గరికి నడకకి రమ్మన్నారు. ఆవిడ రోజూ నడిచే మనిషి. కాలువ గట్టు పట్టుకుని కోనీ ఐలండ్ వైపు బయల్దేరారు. ఎండెక్కింది. మహీధర్ చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

"ఆంటీ, ఎక్కడైనా ఒక్క నిమిషం కూర్చుందామా?"

"ఫ్రాన్సుకి నాలుగో హెన్రీ అని ఒక రాజుండేవాడు బాబూ" అంటూ ఆవిడ ఆగకుండానే కథ అందుకున్నారు. తన మీద ఏళ్ళ తరబడి యుద్ధం చేసి, చివరికి లొంగిపోయిన ఒక లావుపాటి ప్రభువుని ఆ రాజు తోటలో గబగబా తిప్పాడట. మనిషి రొప్పుతుంటే ఆగి, నీ మీద నేను తీర్చుకునే పగ ఇంతేనయ్యా అన్నాడట. "చూశావా, ఎంత గొప్ప మనసో! బ్యాటరీల సంగతి నేనూ ఇంతటితో మరిచిపోయాను."

మహీధర్ నవ్వాడు. ఊపిరి అందాక, "థాంక్సాంటీ" అన్నాడు. ఆ కథలో లావుపాటి ప్రభువుకి ఏమనిపించిందో ఆవిడ చెప్పలేదు. ఎల్ఆర్‌టీ రైల్లో ఇంటికి వెళ్తున్నంతసేపూ మహీధర్‌కి అదే ఆలోచన.

తర్వాత అలాంటివాళ్ళు పెరిగారు. ఇంట్లో వండింది తేవాలన్న నియమం ఉండగా షాపులో కొన్న పులిహోర గిన్నెలో సర్దుకొచ్చిన కేశవరావు గారు, పిల్లాణ్ణి రిహార్సల్‌కి పంపకుండా ఈతకి పంపిన దంపతులు, ఫొటోలో అధ్యక్షురాలి తల కోసేసిన ఒక కుర్రాడు. అందరినీ ఆవిడ మైకు పట్టుకుని అందరి ముందే క్షమించేవారు. చాటుగా క్షమిస్తే క్షమించినట్టు ఎవరికి తెలుస్తుంది?

కిందటేడు ఉగాదికి అరుణశ్రీ వచ్చింది. టాంపినీస్ నుంచి ఆ మధ్యే పుంగ్గోల్‌కి మారిన అమ్మాయి, బ్యాంకులో పనిచేస్తుంది. వాళ్ళ పాప నాట్యం ఉందని పెందరాళే వచ్చి, ముందు వరుసలో మధ్య కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, పాపకి గజ్జెలు కట్టడానికి లోపలికి వెళ్ళింది. ఈ ఊళ్ళో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే మంత్రి గారైనా ఇంకో టేబుల్ చూసుకుంటారు. అలా చోటు పట్టిపెట్టుకోవడాన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. కాని ఆ కుర్చీ శ్యామలాదేవి గారిది. దాని మీద పేరు రాసి లేదు. ఇన్నేళ్ళలో రాయాల్సిన అవసరం రాలేదు.

ఆవిడ వచ్చి చూశారు. టిష్యూ ప్యాకెట్‌ని తీయలేదు, తీయించలేదు. రెండో వరుసలో కూర్చున్నారు. నాట్యం అయ్యాక వేదిక ఎక్కి మైకు అందుకున్నారు.

"అరుణశ్రీ కొత్తగా చేరిన అమ్మాయి. అధ్యక్షుల కుర్చీ అని తెలియక చోప్ చేసింది. ఇలాంటివి మనసులో పెట్టుకునే అలవాటు నాకు లేదు. ఆ అమ్మాయిని ఈ సభాముఖంగా క్షమిస్తున్నాను."

చప్పట్లు అలవాటు కొద్దీ మోగాయి. అవి ఆగాక అరుణశ్రీ లేచి నిలబడింది.

"ఆంటీ, ఒక్క మాటండీ. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. అందులో తప్పేముంది?"

"అందుకేగా అమ్మాయ్, క్షమించానన్నాను."

"తప్పే లేనప్పుడు క్షమించడం ఏంటండీ? క్షమాభిక్ష అంటారు కదా. భిక్ష అడిగినవాళ్ళకి వేస్తారు. నేను అడగలేదు. నాకొద్దండీ."

గొంతు పెంచలేదు. పాపని తీసుకుని భోజనాల వరుసలో నిలబడి, శుభ్రంగా తిని వెళ్ళింది. ఆ సాయంత్రానికి బృందం వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయింది.

"కాటో! అచ్చం కాటో!" అన్నారు శ్యామలాదేవి గారు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ.

"ఎవరు, కొత్తగా చేరారా?" అన్నారు గంగాధర్ గారు.

"సీజర్ నాటి మనిషండీ. తనని వదిలేస్తాడని తెలిసి కూడా, వాడి దయతో బతకడం నాకొద్దని కత్తితో పొడుచుకున్నాడు. ఆ కీర్తి నాకు దక్కకుండా చేశావు కదా అని సీజర్ ఎంత బాధపడ్డాడో తెలుసా?"

"ఈ అమ్మాయి గ్రూపులోంచే కదా పోయింది. నయమేలే."

పాలిటెక్నిక్‌లో చదువుతున్న కూతురు ప్రణవి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, ఇక్కడి యాసలో, "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ చెయిర్ లా" అంది.

కాని ఆవిడకి అది కుర్చీ కాదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ ఇచ్చింది ఒకరు వద్దన్నారు. కనబడినవాళ్ళందరితో, "నేనేం మనసులో పెట్టుకోలేదని ఆ అమ్మాయితో చెప్పండి" అనేవారు. ఆ మాట ఎంతమందితో అన్నారంటే, అది తప్ప ఆవిడ మనసులో ఇంకేమీ లేదని అందరికీ అర్థమైపోయింది.

సంవత్సరాంతపు సమావేశం ఎప్పటిలాగే బ్లాక్ కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో పెట్టుకున్నారు. ఏటా అధ్యక్షుల ఎన్నిక చప్పట్లతో అయిపోయేది. ఈసారి మహీధర్ లేచి, "నేను కూడా నిలబడతానండి" అన్నాడు. పోటీ అనేది ఎప్పుడూ లేకపోవడం వల్ల ఏం చేయాలో తెలియక, చేతులెత్తమన్నారు.

మహీధర్ వైపు చేతులు లేస్తుంటే శ్యామలాదేవి గారు ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్ళారు. కేశవరావు గారు. ఈత దంపతులు. ఫొటోల కుర్రాడు. లేచిన చేతుల్లో ఆవిడ క్షమించనిది ఒక్కటీ లేదు. ఆవిడకి మిగిలినవి ఇంకా ఏ తప్పూ చేయడానికి వ్యవధి చిక్కని కొత్తవాళ్ళ చేతులు, గంగాధర్ గారి చెయ్యి.

సీజర్‌ని పొడిచిన బ్రూటస్, కాసియస్ ఇద్దరూ ఆయన క్షమించి పదవులిచ్చినవాళ్ళే. ఈ పాఠం ఆవిడ రెండేళ్ళు చెప్పారు. కారణాలు రాయుము అని పరీక్షలో కూడా ఇచ్చారు. కృతఘ్నత అని రాసినవాళ్ళకి పూర్తి మార్కులు వేశారు.

మహీధర్ మైకు అందుకున్నాడు. ఈసారి అందులో బ్యాటరీలున్నాయి.

"ఆంటీ ఇన్నేళ్ళు బృందానికి చాలా చేశారండీ. మధ్యలో ఒకటి రెండు పొరపాట్లు జరిగుండచ్చు. అవేమీ మేం మనసులో పెట్టుకోవట్లేదు. బృందం తరఫున ఆంటీని మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాం."

చప్పట్లు మోగాయి. శ్యామలాదేవి గారికి చెవులు వేడెక్కాయి. ఏ పొరపాటు అని అడగాలనుకున్నారు. అడిగితే చెబుతారేమోనని భయం వేసింది. అందరూ జాలిగా, ప్రేమగా చూస్తున్నారు. ఆ చూపుల కంటే నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బావుండేదో అనిపించింది. ముఖాన నవ్వు పెట్టుకుని, "థాంక్స్ బాబూ" అన్నారు. ఆ "థాంక్స్" గొంతులోంచి రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

లిఫ్టులో ప్రణవి, "మహీ అంకుల్ సో జెనరస్, కదా?" అంది. గంగాధర్ గారు కూతురి వంక గుడ్లురిమి చూశారు.

కొన్ని వారాలు ఆవిడ ఇల్లు కదల్లేదు. మహీధర్ అప్పుడే ఇద్దరిని క్షమించాడని, వాళ్ళలో ఒకాయన కోపంతో భోజనం చేయకుండా వెళ్ళిపోయాడని కబురొచ్చింది. విని ఆవిడ సంతోషించబోయి, ఎందుకో సంతోషించలేకపోయారు. ఆ శనివారం అరుణశ్రీ ఫ్లాట్‌కి వెళ్ళి బెల్లు కొట్టారు.

"అయ్యో, రండాంటీ!" అంది అరుణశ్రీ. సోఫా నిండా ఉతికిన బట్టలున్నాయి. ఒక పక్కకి తోసి చోటు చేసింది.

శ్యామలాదేవి గారు కూర్చోకుండానే మొదలుపెట్టారు. "ఆ రోజు నలుగురిలో నిన్ను అలా అనకూడదమ్మా. తప్పు నాది." ఇంత చిన్న వాక్యం కోసం ఆవిడ దారంతా సాధన చేశారు. "నన్ను క్షమించావా?"

"మిమ్మల్ని క్షమించడానికి నేనెంతదాన్నండీ? కోపం వచ్చింది, రెండు రోజులకి పోయింది. టీ పెడతాను, అల్లం వేయమంటారా?"

అంతే. తీర్పు లేదు, చప్పట్లు లేవు. ఆవిడ అలవాటుగా బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టారు. పాప గౌను మడతపెడుతుంటే ఎందుకో కళ్ళు చెమర్చాయి. టీ తాగి, పాప చదువు గురించీ, కొత్త స్టేషన్ దగ్గర కూరగాయల ధరల గురించీ మాట్లాడి లేచారు.

ఇంటికి వచ్చేసరికి గంగాధర్ గారు పొయ్యి మీద పాలు పెట్టి టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. పాలు పొంగి స్టవ్వంతా నల్లగా మాడింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ ఇలాంటివి ఎప్పుడూ, "ఫరవాలేదు, క్షమించాను" అనే తేల్చేవారు. అన్నాక ఆయన రోజంతా తల దించుకుని తిరగాల్సి వచ్చేది.

"బుద్ధుందా మీకు? పాలు పొయ్యి మీద పడేసి ఆ బంతి ఆట ఏంటండీ? లేచి ఈ స్టవ్వు తుడవండి ముందు!"

గంగాధర్ గారు ఒక్క క్షణం బిత్తరపోయి చూశారు. తర్వాత గుడ్డ తీసుకుని, ఈల వేసుకుంటూ స్టవ్వు తుడవసాగారు.