బొట్టు పెట్టిన ఓవెన్

చాలా ఏళ్లుగా ఒక స్విచ్చి నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వకండి. స్విచ్చికేం బరువంటారు, నాకూ తెలీదు. చేసింది తప్పో కాదో కూడా ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను, అయినా మోస్తూనే ఉన్నాను. మీకైనా చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు.

మాది ఖరగ్‌పూర్, రైల్వే వర్క్‌షాపు కుటుంబం. నేను ఒక ల్యాబ్‌లో అటెండరుగా చేసేదాన్ని. మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ పిల్ల సరళ అక్కడే రీసెర్చికి చేరింది. మా క్వార్టర్ల లైన్ నుంచి అంతదాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల. నాకెంత గర్వమో! అభ్రకం పొడిని సీసియం ఉప్పు కలిపిన నీళ్లలో వేసి, ఉక్కు డబ్బాలో బిగించి, ఓవెన్లో పెట్టేది. ఆ వేడికి, లోపలి ఒత్తిడికి అభ్రకం పొరల్లోని పొటాషియం బయటికొచ్చేసి, ఆ చోట్లోకి సీసియం చేరుతుందట. క్వార్టర్ ఖాళీ చేస్తే కొత్తవాళ్లు దిగినట్టు అని తనే చెప్పింది. వారం పాటు వేడి తగ్గకూడదు.

మధ్యలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మెషీన్ తిరగకూడదని మా నాన్న మాట. వర్క్‌షాపులో లేతు మొదలు సుత్తి దాకా కడిగి బొట్టు పెట్టేవారు. ల్యాబ్‌కి సెలవు. తాళం నా దగ్గరే ఉండేది, వెళ్లి ఓవెన్ స్విచ్చి ఆపాను. తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను. ఎవరి కోసం? ఆ పిల్ల పని బాగా జరగాలనే. సాయంత్రం మళ్లీ వేశాను.

తీరా పరీక్ష చేస్తే సీసియం సగమే దిగింది. సరళ నా దగ్గరికొచ్చింది.

"పూజకి గాని ఓవెన్ ఆపినావేటి, అక్కా?"

"నానెందుకాపుతానే? బొట్టెట్టినాను, అంతే."

"అయితే తూకంలో నానే తప్పు సేసినాను."

ఉద్యోగం పోతుందని భయమా? పసుపు రాసి సైన్సు చెడగొట్టిందని నవ్వుతారన్న సిగ్గా? రెండూనేమో. సీసియం ఉప్పు అయిపోయింది, సరళ గైడు సార్ మళ్లీ తెప్పించలేదు. ఆ పిల్ల చేతికి నిలకడ లేదని ఆ పనే ఆపించేశారు. సరళ చదువు మధ్యలోనే వదిలేసింది.

ఒక్క పూట చల్లారితే అభ్రకం అలుగుతుందా? లేక వారమంతా కాలినా సగమే దిగేదా? ఎవరినైనా అడగాలంటే ఎందుకడుగుతున్నానో చెప్పాలి, అందుకే అడగలేదు. ఓవెన్ ఆపడం వల్ల ఏమీ కాలేదేమో. మరి అబద్ధం? దానికి ఏ పరీక్షా అక్కర్లేదు కదా.

మొన్న టోటో బ్యాటరీ ఆటోల స్టాండులో సరళ కనిపించింది, కూతురితో. ఆ పిల్ల సైన్సు తీసుకుంటానని గోల.

"మన సేతులు దానికి పనికిరావే," అని సరళ నవ్వింది. నా వైపు తిరిగి, "కదక్కా?" అంది.

నేను తలూపాను. ఛీ, మళ్లీ తలూపాను!

ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. టోటో ఎక్కి వెళ్లిపోయారు. సరళతో అనడానికి నోరు రాలేదు, మీతో అంటున్నాను. ఆపినాను, సరళా. ఓవెన్ నానే ఆపినాను.

హమ్మయ్య, ఒక్కసారైనా పైకి అన్నాను.