ముఖానికి గంజి

ఫేస్‌ప్యాక్ వేసుకుని పొట్టు లేచిన నా బుగ్గలు చూసి, వేలూరులో చర్మం డాక్టరమ్మ "పూసింది బిర్రుగా ఎండేదాకా ఉంచకండి, గట్టిగా రుద్దకండి" అంటోంది. ఆమె తెల్లకోటు నుంచి గంజి వాసన వచ్చింది. ఆ వాసనకు నా మనసు గుడియాత్తంలోని మా మగ్గాల ఇంటికి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మరునాడు బడిలో గ్రూప్ ఫోటో. మగ్గానికి ఎక్కించే ముందు నూలుకు గంజి పట్టించి ఆరబెడితే నిగనిగలాడేది. ముఖం మాత్రం ఏం పాపం చేసిందని రెండు పూతలు పూసుకుని ఎండలో కూర్చున్నాను. నూలుకు నవ్వాల్సిన పని లేదు కానీ నాకుంది. ముఖం బిగుసుకుపోయింది. భయపడి కొబ్బరిపీచుతో తోమితే బుగ్గలు భగ్గుమన్నాయి.

ఏడుపు విని అవ్వ వచ్చింది. "ఏమ్మా, ఈ ముఖంతో లుంగీ నేస్తావా, చీర నేస్తావా?" అని పకపకా నవ్వింది.

"నీ నలుపే నాకు వచ్చి ఉండాది! అందుకే పూసుకుంటి!" అని అరిచాను.

అవ్వ నవ్వు ఆగిపోయింది. "అవునమ్మా, నాదే" అంటూ నా బుగ్గలకు కొబ్బరినూనె అద్దింది, రుద్దకుండా, వేలికొసలతో.

"ఇంతకుముందు ముఖానికి ఏమైనా పూసుకున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది. గంజి కథ చెప్పి ఆమెను నవ్వించాను. అవ్వతో అన్న మాట మాత్రం చెప్పలేకపోయాను.