పదిహేనో క్లబ్

మా ఇంట్లో అయిదు రోజులు ఉండి వెళ్ళిన ఒక గోల్ఫ్ ప్లేయర్ గురించి నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. సగమే చెప్పాను. ఆ సగం చాలా బాగుంటుంది. పాట్‌లక్ విందుల్లో అందరూ ముచ్చటపడి వింటారు. ఆమెది స్కాట్లండ్, మా ఇంటి ఉప్మా తిన్నది, మా అమ్మాయికి ఆటలో మెళకువలు చెప్పింది, ఇలాంటివి. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది నేపర్‌విల్‌లో. మా అమ్మాయి హైస్కూల్ గోల్ఫ్ టీమ్‌లో ఆడుతుంది. ఆ సెప్టెంబర్‌లో వాళ్ళ కోచ్ తల్లిదండ్రులందరికీ ఒక ఈమెయిల్ పంపాడు. దగ్గర్లో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంట్ జరగబోతోంది, ఒక ప్లేయర్‌కి మీ ఇంట్లో గది ఇవ్వగలరా అని. ఇది టీవీలో వచ్చే పెద్ద టూర్ కాదు, దానికి కింది మెట్టు. ఇందులో ఆడేవాళ్ళు ఊరూరా ఇలా ఎవరో ఒకరి ఇంట్లోనే దిగుతారట.

"ఏందే, ప్రొఫెషనల్ ప్లేయర్ మన గెస్ట్ రూమ్‌ల ఉంటదా? హోటల్ బుక్ చేసుకోదా?" అన్నాడు మా ఆయన.

"నాకేం తెలుసండీ! కోచ్ అడిగాడు, మీ కూతురు ఓకే చెప్పేసింది," అన్నాను.

గోల్ఫ్ అంటే కలిగినవాళ్ళ ఆట అని మా ఇద్దరి గట్టి నమ్మకం. అందుకని కొత్త దుప్పట్లు కొన్నాను, గెస్ట్ బాత్రూమ్‌ని రెండుసార్లు కడిగాను. మంగళవారం సాయంత్రం బంపర్ సొట్టపోయిన పాత కారొకటి డ్రైవ్‌వేలోకి వచ్చింది. ఉబర్ ఈట్స్ వాళ్ళేమో అనుకున్నాను. ముప్పై ఆరేళ్ళ మనిషి దిగింది. ఒక సూట్‌కేసు, ఒక గోల్ఫ్ బ్యాగు, ఒక అట్టపెట్టెలో ఓట్స్. వచ్చీ రాగానే లాండ్రీ మెషీన్ వాడుకోవచ్చా అని అడిగింది. ఆ రాత్రి గూగుల్‌లో వెతికితే, ఈ మనిషే పెద్ద టూర్‌లో ఆడుతున్న ఫొటోలు కనపడ్డాయి. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా అమ్మాయి చేత ఆమెను ఆంటీ అనిపించాను. పేరు పెట్టి పిలిస్తే నా ప్రాణం ఒప్పుకోలేదు. ఆమె పడీ పడీ నవ్వి, తనని ఆంటీని చేసిన మొదటి ఇల్లు ఇదేనంది.

పొద్దున్నే ఉప్మా తింటూ తన కథ కొంచెం కొంచెంగా చెప్పేది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తండ్రి బస్సు డ్రైవరు. ఆ ఊళ్ళో గోల్ఫ్ ఆడటానికి ధనవంతులే కానక్కర్లేదట, అదొక ఆశ్చర్యం. కానీ వాళ్ళమ్మ వయసులో ఉన్నప్పుడు క్లబ్‌హౌస్ లోపలికి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదట. వాళ్ళాయన లోపల టీ తాగుతుంటే, ఆవిడ బయట వానలో గొడుగు పట్టుకుని నిలబడేదట. మడీ మైలా మన సొత్తే అనుకునేదాన్ని. 

అలాంటి తల్లి కూతురికి ఏడేళ్ళు నిండగానే సగానికి కోసిన పాత క్లబ్, అదే గోల్ఫ్ కర్ర, ఒకటి చేతికిచ్చి, వెళ్ళి ఆడు అంది. ఈవిడ ఆడింది. ఊళ్ళో మగపిల్లల్ని ఓడించింది. స్కాలర్‌షిప్ మీద అమెరికాలో కాలేజీకి వచ్చింది, ప్రొఫెషనల్ అయింది, కొన్నాళ్ళు యూరప్‌లో ఆడి చివరికి ఇక్కడి పెద్ద టూర్‌లోకి చేరింది. రెండేళ్ళున్నాక మణికట్టుకు సర్జరీ అయింది, చోటు పోయింది. నాలుగేళ్ళ నుంచి ఈ కింది మెట్టు మీద కారేసుకుని తిరుగుతోంది, మళ్ళీ పైకి ఎక్కడానికి.

"వీసా ఒకటి ఉంటుంది కదా, ప్రతిసారీ దాని గోల," అంది ఒక పొద్దున.

మా ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. తెల్లవాళ్ళకు కూడా వీసా టెన్షన్ ఉంటుందని మాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆ పూట ముగ్గురం కూర్చుని ఇమిగ్రేషన్ వాళ్ళను కడుపారా తిట్టుకున్నాం. ఆ తర్వాత నుంచి ఆమె మాకు చుట్టమే అయిపోయింది.

సీజన్‌లో అది ఆఖరి టోర్నమెంట్. ఆమె లెక్క ప్రకారం ఇందులో మొదటి పదిమందిలో ఉంటే వచ్చే ఏడాది పెద్ద టూర్‌లో చోటు దొరుకుతుంది. లేదంటే క్వాలిఫయింగ్ పోటీలకి వెళ్ళి, అనామక పిల్లలతో కలిసి, మొదటి రౌండ్ నుంచీ ఆడుకుంటూ రావాలి. "దానికి కూడా ఇంకొక్కసారికి ఓపికుంది," అంది. ఆమె అరచేతులు ఆ రోజే చూశాను. రోకలి పట్టిన చేతుల్లా కాయలు కాసి ఉన్నాయి.

రోజూ ఆటకు బయల్దేరే ముందు మా గరాజ్‌లో బ్యాగు ముందు నిలబడి, ఒక్కో క్లబ్ తల మీద వేలు పెట్టి పైకే లెక్కపెట్టేది. పద్నాలుగు. అంతకు మించి ఉండకూడదని మా అమ్మాయి చెప్పింది. విన్నాను గానీ బుర్రకెక్కించుకోలేదు. లక్షవత్తుల నోము పట్టినావిడ వత్తులు లెక్కపెట్టుకున్నట్టు అదొక అలవాటు కాబోలు అనుకున్నాను.

శనివారం ఆట ముగిసేసరికి ఆమె అయిదో స్థానంలో ఉంది. ఆదివారం ఆడేసి, అటునుంచి అటే తన మకాం ఉన్న ఫ్లోరిడాకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోవాలి. పొద్దున సామాను సర్దుకుంది. గరాజ్‌లో క్లబ్బులు లెక్కపెట్టుకుని, సూట్‌కేసు తెచ్చుకోవడానికి మేడ మీదికి వెళ్ళింది.

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. చుట్టాలు బయల్దేరుతుంటే గది గదీ వెతకడం మా ఇంటి ఆచారం. మంచం కింద, బాత్రూమ్ తలుపు కొక్కెం, ప్లగ్గులో ఛార్జరు, ఏదీ వదలం. చుట్టం వస్తువు మన ఇంట్లో ఉండిపోతే నామోషీ మనకే. ఒక మేజోడు దొరికింది, ఒక ఛార్జరు దొరికింది. గరాజ్ తలుపు పక్కన, మా అమ్మాయి బూట్ల దగ్గర, గోడకి ఆనించి ఒక క్లబ్ కనిపించింది. పాపం, మర్చిపోయింది అనుకున్నాను. చీర కొంగు లేదు గనక టీషర్ట్ అంచుతో శుభ్రంగా తుడిచి, దాని లాంటివే ఉన్న వరసలో బ్యాగులో పెట్టేశాను. ఇంతలో ఆమె వచ్చింది. మేజోడూ ఛార్జరూ చేతికిచ్చాను. క్లబ్ సంగతి చెప్పడం కూడా అనవసరమనిపించింది. బ్యాగు కారెక్కింది. నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను.

మా అమ్మాయీ నేనూ కోర్సుకి వెళ్ళి, చూసేవాళ్ళు దాటకుండా కట్టిన తాడు ఇవతల నుంచి ఆమె వెంట నడిచాం. మొదటి రెండు హోల్స్ బాగా ఆడింది. మూడో దాని దగ్గర బ్యాగులో చెయ్యి పెట్టి ఒక క్లబ్ పైకి తీసింది. తీసి, అలాగే దాని వైపు చూస్తూ నిలబడిపోయింది. మిగతావాటి తలల మీద వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. ఆ పైన చెయ్యెత్తి రూల్స్ చూసే ఆఫీసర్‌ని పిలిచింది.

"ఏమైందే? చెయ్యి నొప్పా?" అన్నాను.

"నో అమ్మా. ఫిఫ్టీన్ క్లబ్స్ ఉన్నాయి బ్యాగ్‌లో. పెనాల్టీ. టూ హోల్స్ అయినాయి కదా, ఫోర్ స్ట్రోక్స్ యాడ్ చేస్తారు." ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గెలుపు ఈ ఆటలో.

"కావాలని చేసిందా ఏమన్నా?"

"డజంట్ మ్యాటర్."

"ఎవరూ చూడలేదు కదే! నోరు మూసుకుని లోపల పెట్టేసుకుంటే పోయేదిగా?"

మా అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. పదహారేళ్ళలో ఎప్పుడూ నన్నలా చూడలేదు. అప్పుడు అంది, "అమ్మా, అది నాకు ఇచ్చింది. ఆ ఫైవ్ ఐరన్. షీ గాట్ ఎ న్యూ వన్ దిస్ వీక్. నిన్న నాకు గిఫ్ట్ చేసి, నా షూస్ పక్కన పెట్టింది ఆంటీ. మళ్ళీ బ్యాగ్‌లో ఎట్లా పెట్టుకుంది?"

పిడుగు పడితే చప్పుడుంటుంది. నాకు అదీ వినపడలేదు. ఎదురుగా గడ్డి, మనుషులు, ఆఫీసర్ తెచ్చిన చిన్న బండి, అన్నీ ఉన్నాయి, నేనే ఎక్కడా లేను. ఏళ్ళ తరబడి ఆమె బ్యాగులో ఉన్న క్లబ్ అది. మళ్ళీ దాని చోట్లో అది ఉంటే ఆమె కంటికి తేడా ఎందుకు తెలుస్తుంది? ఆఫీసర్‌కి ఏదో చెప్పి, ఇక దాన్ని వాడనన్న గుర్తుగా ఆ క్లబ్‌ని తలకిందులుగా బ్యాగులో గుచ్చింది. ఇంకో క్లబ్ తీసుకుని ఆడింది.

నేను పెట్టానని ఆ క్షణమే మా అమ్మాయికి చెప్పాలి. చెప్పలేదు. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, అందులో సగానికి పైగా హెచ్‌వన్ మీద. ఏదైనా బ్రేక్ అయిందంటే, తప్పెవరిదో తేల్చే ఈమెయిల్‌లో మన పేరు రాకుండా చూసుకోవడం మా విద్య. ఆ మనిషి ఎవరూ చూడని తప్పుని తనే చెయ్యెత్తి చూపించుకుంటుంటే, అసలు చేసినదాన్ని తాడు ఇవతల తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె ఆడిన ఆట చూస్తే కన్నీళ్ళు వచ్చాయి. ఒక్కొక్కటీ లాక్కొచ్చింది. చివరికి పదో స్థానానికి రెండు స్ట్రోక్‌ల దూరంలో ఆగిపోయింది.

పార్కింగ్‌లో ఆ క్లబ్ తీసి మా అమ్మాయికిచ్చింది. "నీకిచ్చి, మళ్ళీ నేనే బ్యాగులో పెట్టేసుకున్నట్టున్నాను. ఎప్పుడు పెట్టానో ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ నవ్వింది. దారిలో తినమని పులిహోర డబ్బా ఇచ్చి గట్టిగా కావలించుకున్నాను. ఇప్పుడు చెప్తే స్కోరేమన్నా మారుతుందా? ఎవరు పెట్టినా పెనాల్టీ పెనాల్టీయే కదా? ఆ మాట నిజమే. నిజం కాబట్టి దాని చాటున దాక్కోవడం తేలికైంది.

నవంబర్ చివర్లో ఆమె నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆఫీసులో, మీటింగ్ మధ్యలో చదివాను. ఆట మానేసిందట. క్వాలిఫయింగ్‌కి పేరివ్వలేదు. ఊరికి తిరిగి వెళ్ళి పిల్లలకు కోచింగ్ ఇస్తోంది. మా అమ్మాయి ఎలా ఉందని అడిగి, కింద ఇలా రాసింది. వాళ్ళమ్మకు మతిమరుపు జబ్బు. నలభై దాటగానే మొదలైంది. వస్తువు ఒకచోట పెట్టి, పెట్టలేదనడంతో మొదలైంది. "ఆ క్లబ్ నా చేత్తో నేను పెట్టుకుని, పెట్టిన గుర్తే లేకపోతే దానికి అర్థం ఏమిటో నాకు తెలుసు. మా ఇంట్లో చూశాను. డాక్టర్లు టెస్టులు రాశారు. ఫలితం ఏదైనా, లెక్క తప్పే మనిషి ఈ ఆట ఆడకూడదు."

మీటింగ్‌లో ఎవరో నన్ను ఏదో అడిగారు. లాప్‌టాప్ మూసేసి లేచాను.  మెట్ల దగ్గర కూర్చుండిపోయాను. ఒక పూట నామోషీ తప్పించుకుందామని నేను నోరు మూసుకుంటే, అక్కడో మనిషి తన బుర్రే పోతోందని రెండు నెలలుగా భయంతో చస్తోంది. ఇంత దారుణం నా చేతులమీదుగా జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. ఆ మెట్ల మీద నుంచే ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. వెనక పిల్లల గోల, గాలి హోరు వినిపిస్తున్నాయి.

ముందు క్షమాపణలు చెప్పబోయి, వాటి వల్ల ఇంకా ఆలస్యమవుతుందని తోచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "అది మీరు పెట్టలేదు. నేను పెట్టాను. మీరు మర్చిపోయారనుకుని, మీరు మేడ మీద ఉన్నప్పుడు తుడిచి పెట్టాను."

 "నేను కాదు," అంది. "నేను కాదన్నమాట. నేను కాదు." నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. పిల్లల్ని కాసేపు వాళ్ళంతట వాళ్ళని ఆడుకోమని చెప్పడం వినిపించింది. తిరిగి ఫోన్‌లోకి వచ్చింది.

"మీకెప్పుడు తెలిసింది?" అంది. చాలా మామూలుగా అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇప్పుడే, మీ ఈమెయిల్ చూశాకే గుర్తొచ్చింది అనొచ్చు.

"ఆ రోజే. మూడో హోల్ దగ్గరే," అన్నాను.

ఆమె తిట్టలేదు. 

"క్వాలిఫయింగ్‌కి పేరివ్వడానికి ఆ రోజు తర్వాత ఇంకా మూడు వారాలు గడువుండింది," అంది.