సరుగుడు తోపులో ఐదో గ్లాసు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మా నాన్నగారు నెల్లూరులో సైన్సు మాస్టారు. చీకటంటే భయమేస్తోందని చెబితే, లాంతరు చేతికిచ్చి పెరట్లో ఏముందో చూసి రమ్మనేవారు. అలా పెరిగినదాన్ని. ఇప్పుడు చెప్పేదాంట్లో నేను చూసింది కొంత, విన్నది కొంత. అంతకు మించి ఒక్క మాట కలపను.

అరవైల మొదట్లో సంగతి. నాకు పదకొండేళ్ళు, చెల్లెలు సుగుణకు ఆరు. మా అక్క కరుణ ఆ ఏడు వానాకాలంలో టైఫాయిడ్‌తో పోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఎన్ని జతలు కొన్నా చెప్పులు వేసుకోదని అమ్మ రోజూ కోప్పడుతుండేది. ఆ తరవాత అమ్మ చర్చికి రావడం మానేసింది. అక్క పేరు ఎత్తేది కాదు, ఏడ్చేదీ కాదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది.

డిసెంబరులో మా వీధిలో అందరూ ఇళ్ళకు కాగితం నక్షత్రాలు కట్టారు. మా ఇంటి నక్షత్రం ఎప్పుడూ అక్కే అతికించేది. ఈసారి పండగ ఈ ఇంట్లో వద్దని నాన్నగారు నిశ్చయించారు. కృష్ణపట్నానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున సరుగుడు తోపుల్లో మూడు కర్ర గుడిసెలు ఉండేవి. అడవుల తనిఖీకి వచ్చే ఉద్యోగులు వాటిలో దిగేవారు. నాన్నగారి పాత శిష్యుడొకాయన అందులో ఒకటి నాలుగు రోజులకు ఇప్పించాడు.

బస్సు దిగి కాలువ దగ్గర పడవెక్కాం. "పెద్దపాపను నడుమ కూసోబెట్టండి సార్, పడవ ఒక పక్కకి ఒరగతా ఉండాది" అన్నాడు పడవతను. నన్నే అనుకుని నేను నడిమికి జరిగాను. అతను నా వైపు చూడటం లేదు. అమ్మ పక్కన ఖాళీగా ఉన్న బల్ల వైపు చూస్తున్నాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

గుడిసెకు తాటాకు కప్పు, ఇసుక నేల. రెండు నులక మంచాలు, ఒక కుండ, ఒక లాంతరు. గాలికి సరుగుడు చెట్లు పగలంతా హోరుమనేవి. మిగతా రెండు గుడిసెలకూ తాళాలే. కాపలా మనిషి పోలయ్య దగ్గర్లోని చేపలవాళ్ళ పాలెంలో ఉండేవాడు. యాభై ఏళ్ళుంటాయి. మర్నాడు పొద్దున పాలు కాచి ఐదు గ్లాసుల్లో తెచ్చాడు.

"మేం నలుగురమే పోలయ్యా" అన్నారు నాన్నగారు.

అతను అమ్మ పక్కకు ఒకసారి చూసి, ఐదు గ్లాసులూ అక్కడే దించి వెళ్ళాడు. ఆ తరవాతి రోజు, అంటే క్రిస్మస్ పొద్దున, మళ్ళీ ఐదే తెచ్చాడు. అమ్మ ఆ ఐదో గ్లాసును మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చుంది.

ఆ ఉదయం నాన్నగారు బైబిలు చదివి పాట ఎత్తుకున్నారు. చెల్లెలూ నేనూ గొంతు కలిపాం. అమ్మ పెదవి కదపలేదు. మధ్యాహ్నం పోలయ్య పీతల పులుసు వండిపెట్టాడు. అమ్మ మాకు వడ్డించి, తను తినకుండా, కాస్త తిరిగొస్తానని వెళ్ళింది. మేం తిని కునుకు తీశాం. నాన్నగారికి మెలకువ వచ్చేసరికి ఎండ వాలుతోంది. అమ్మ ఇంకా రాలేదు.

నాన్నగారు పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం. తోపు దాటగానే ఇసుక దిబ్బ. దిబ్బ మీద పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. కింద తడి ఇసుకలో అమ్మ కూలబడి ఉంది. చీర భుజాల దాకా తడిసిపోయింది. ఎడమ చేతి గాజులు రెండు పగిలి, మణికట్టు గీరుకుపోయింది.

ఆమెను దిబ్బ మీదికి నడిపించుకొచ్చి, నాన్నగారు పోలయ్య మీద కేకలేశారు. "నీళ్ళలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

పోలయ్య బిత్తరపోయాడు. "పెద్దపాప ఎంట ఉండాది గదా సార్. అమ్మగారు లోపలికి పోతా ఉంటే ఆ పాప చెయ్యి పట్టుకొని ఎనక్కి లాగతా ఉండె. నేను లేసేలోపలే ఇద్దరూ గట్టుకొచ్చేసినారు. తల్లీబిడ్డా ఆడుకుంటా ఉండారనుకున్నా."

"ఏ పెద్దపాప? ఇదా?" అని నన్ను చూపించారు నాన్నగారు.

"ఈ పాప గాదు సార్. ఇంకా పొడుగు పాప. జుట్టంతా పొట్టిగా కత్తిరించి ఉండాదే, ఆ పాప. జొరం పడి లేసిన బిడ్డేమో, పాలు తాగితే మంచిదని రోజూ తెస్తా ఉండా."

ఆసుపత్రిలో అక్కకు జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. అది మాకు తప్ప ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో అక్కకు రెండు జడలు. ఆ ఫొటో మేం తీసుకురాలేదు.

అమ్మ మెల్లగా తలెత్తింది.

"కాళ్ళకు చెప్పులున్నాయా?" అని అడిగింది.

"లేవమ్మా. ఉత్త కాళ్ళే."

అమ్మ "కరుణా" అంది. ఆ పేరు ఆమె నోట విని నాలుగు నెలలు దాటింది. తరవాత ఆ ఇసుకలోనే నాన్నగారి చెయ్యి పట్టుకుని పొద్దు కుంకేదాకా ఏడ్చింది. గుడిసెకు వచ్చాక చల్లారిన అన్నమే కలుపుకుని తింది.

మర్నాడు నాన్నగారు పాలెం వెళ్ళి, అలాంటి పిల్ల ఎవరైనా ఉందా అని ఇల్లిల్లూ అడిగారు. లేదన్నారు. శిష్యుడికి ఉత్తరం రాశారు. అక్క జబ్బు గురించి తాను ఎవరితోనూ అనలేదని అతను జవాబిచ్చాడు. ఆ తరవాత నాన్నగారు ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నాకు పిల్లలు పుట్టాక ఒకసారి అమ్మను అడిగాను. చాటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపకుండానే, "చెయ్యి ఎవరో పట్టుకున్నారు. నేను పక్కకి తిరిగి చూళ్ళేదు. చూస్తే వొదిలేస్తుందేమోనని చూళ్ళేదు" అంది.

దయ్యాలున్నాయా అంటే ఇప్పటికీ లేవనే అంటాను. పోలయ్య ఎవరిని చూశాడంటే మాత్రం చెప్పలేను. మా అమ్మ ఆ సాయంత్రం తరవాత ఇంకో ముప్పయ్యేళ్ళు బతికింది. అంతవరకే నాకు తెలుసు.