రోట్లో దేవుణ్ణి పెట్టిన మొనగాడు

ఒక ఉలి, ఒక సుత్తి, ఒక శుక్రవారం. ఈ మూడింటితో నంద్యాలలో రెండు ఇళ్లకు రుబ్బుడు బందు చేయించిన మొనగాణ్ణి నేనే. కరువులో కూడా ఆగని ఊరిబిండి (మా సీమలో రోటిపచ్చడిని అట్లాగే అంటాం) నా చేతి చలవ వల్ల ఆగిపోయింది. అది ఎట్లా జరిగిందో దాచకుండా చెబుతాను. మీరు కడుపుబ్బా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు నవ్వనిది నేనొక్కణ్ణే.

నాది ఆళ్లగడ్డ. మా ఊళ్లో రాయి కనిపిస్తే చాలు, మనిషికి చెయ్యి దురద పెడుతుంది. మా మేనమామ బ్రహ్మయ్య పేరున్న శిల్పి. ఆయన కొట్టం కింద పదిమంది కూర్చుని దేవుళ్లను చెక్కుతుంటే, నేను మాత్రం రోజూ పొద్దున్నే మొదటి బస్సెక్కి నంద్యాలకు పోయి రోళ్లకు గంట్లు కొట్టేవాణ్ణి. ఇది డెబ్బై ఎనిమిదో, డెబ్బై తొమ్మిదో నాటి మాట. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మీసమూ ఉంది, గర్వమూ ఉంది. లేనిదేమిటో ముందు ముందు మీకే తెలుస్తుంది.

గంట్ల పని అంటే ఇప్పటివాళ్లకు విప్పి చెప్పాలి. రుబ్బి రుబ్బి రోలు నున్నబడిపోతుంది. నున్నబడిన రోట్లో పప్పు నలగదు, అటూ ఇటూ జారుకుంటుంది. అప్పుడు దాన్ని మళ్లీ గరుకు చేయాలి. ఉలిమొన ఆనించి సుత్తితో చిన్నగా కొడితే ఒక చుక్క. దాని పక్కన ఇంకొక చుక్క. గుంట నిండా అంతే, పైన తిరిగే గుండు నిండా అంతే. మా మనవరాలికి ఇదంతా చెబితే, "అయితే నువ్వు రాళ్లకు పళ్ల డాక్టరువా తాతా?" అని అడిగింది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

బస్సు దిగగానే కమ్మరి దగ్గర ఉలులకు మొన తీయించుకునేవాణ్ణి. గోనెసంచి భుజాన వేసుకుని, "రోళ్లకు గంట్లూ... ఇసుర్రాళ్లకు గంట్లూ..." అని అరుస్తూ వీధులు పట్టేవాణ్ణి. పిలిచిన వాకిట్లో కూలబడి, రాతిపొడి కంట్లో పడకుండా కళ్లు చికిలించుకుని ఠక్కు ఠక్కున కొట్టడమే పని. మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నా పళ్లకింద రాతిపొడే తగిలేది. సాయంత్రానికి తలా మీసమూ తెల్లబడిపోయేవి. బస్సులో నన్ను ముసలాయన అనుకుని సీటిచ్చిన వాళ్లున్నారు. నేను ఏనాడూ వద్దనలేదు.

ఇట్లా నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు మామను గట్టిగా పట్టుకున్నాను.

"మామా, నన్ను శిల్పాలకాడికి ఎప్పుడు రానిస్తావ్?"

"ముందు చుక్క నేర్చుకో."

"నాలుగేండ్లు చుక్కలే కొడ్తాండా కదా! ఆకాశంలో గూడా అన్ని చుక్కల్లేవు."

మామ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా రాతిలో చెక్కి దాచుకునే రకం. "సరే ఇను. అహోబిలం దోవలో మండపానికి స్తంభాల పని వచ్చింది. సోమవారం మొదలు. నాకొక మనిషి తక్కువ. ఈ వారంలో నీ పని మీద ఒక్క ఇంటోళ్లు గూడా పితూరీ చెప్పకుంటే ఆ చోటు నీదే. చెప్పినారంటే మాత్రం, సచ్చేదాకా నీకు రోళ్లే."

చూశారా, ఎంత సులువైన పరీక్షో! పితూరీ రాకుండా నాలుగేళ్లుగా చేస్తున్న పనే ఇంకొక వారం చేస్తే చాలు. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కాబోయే శిల్పి రోలెరగడు. పితూరీ రాకపోతే చాలదు, జనం నన్ను పొగడాలి, ఆ పొగడ్త మామ చెవిన పడాలి అనిపించింది. నా కొంప ముంచింది ఆ కోరికే.

శుక్రవారం పొద్దున చర్చి వెనక వీధిలో అలివేలమ్మ అనే ఆమె పిలిచింది. పుట్టిల్లు అహోబిలం. వాళ్ల నాయన గుళ్లో స్వామి సేవ చేస్తాడట. నాకు రోలు చూపించి ఆమె వంటింట్లోకి పోయింది. నేనూ, రోలూ, నా చెయ్యి దురదా మిగిలాం. ఎట్లాగూ చుక్కలే కదా కొట్టాల్సింది, ఆ చుక్కలనే ఒక వరస ప్రకారం కొడితే తప్పేముంది? గుంట లోపల నిలువునా చక్కని తిరునామం తేల్చాను. అడుగున శంఖమూ చక్రమూ వేశాను. నీళ్లుపోసి కడిగి పిలిచాను.

అలివేలమ్మ వచ్చి వంగి చూసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నారసింహా! ఏందప్పా ఇది! యా ఊరు నీది?"

"ఆళ్లగడ్డమ్మా."

"అదీ సంగతి! నీ చేతికి మొక్కల్ల నాయనా!"

పరుగున పోయి పసుపూ కుంకుమా తెచ్చి పూసింది. బంతిపువ్వు తెచ్చి గుంటలో పెట్టింది. పప్పు పడాల్సిన చోట పువ్వు పడింది. బుద్ధున్నవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. నేను మాత్రం సోమవారం ఏ స్తంభం ముందు కూర్చోవాలా అని ఆలోచిస్తూ పక్కింటికి పోయాను.

పక్కిల్లు మేరమ్మ టీచరుది. బళ్లో పిల్లలే కాదు, తోటి టీచర్లు కూడా ఆమె ముందు చేతులు కట్టుకుంటారని విన్నాను. ఆమె బడికి పోయే తొందరలో ఉంది.

"ఆదివారం ప్రార్థన అయినాక మా పాపకు ప్రధానం. నూరు మందికి అలసంద వడలు చేయల్ల. రోలు సూస్తే నున్నగా అద్దం మాదిరి అయిపోయింది. గట్టిగా కొట్టు. నేను సాయంత్రం వచ్చి సూస్తా."

"మీరు నిశ్చింతగా పోండమ్మా. ఇట్లాంటి పని నంద్యాలలో యాడా సూసిండరు."

ఆ మాట ఒక్కటి మాత్రం నిలబెట్టుకున్నాను. పక్కింటావిడకు వాళ్ల దేవుణ్ణి చెక్కితే ఆమె మురిసిపోయింది కదా. మరి ఈమె ఏం పాపం చేసింది? న్యాయం అందరికీ ఒకటే ఉండాలి. పగలంతా కూర్చుని గుంట నిండుగా ఒక శిలువ చెక్కాను. దాని చుట్టూ కిరణాలు. చుక్క మీద చుక్క, వెంట్రుకవాసి తేడా లేదు. చెక్కుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత భక్తి, కొంత రాతిపొడి.

సాయంత్రం మేరమ్మ టీచరు వచ్చింది. రోట్లోకి చూసింది. అద్దాలు సవరించుకుని మళ్లీ వంగి చూసింది. ఆనందం పట్టలేక మళ్లీ మళ్లీ చూస్తోందనుకుని నేను మీసం దువ్వుకున్నాను.

"ఏందప్పా ఇది?"

"శిలువమ్మా. మీ దేవునిది."

"కనిపిస్తాండాది. గుండు యాడ పెట్టి తిప్పల్ల?"

"దాని మీదనే..." అంటూ గుండు వంకా శిలువ వంకా చూసి సగంలో ఆగాను.

"మా ప్రభువును ఒకసారి కొట్టి సంపినారు, సాలదా? ఇప్పుడు నేను ఆయన మీద పచ్చిమిరపకాయలు నూరల్లనా?"

రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు పెద్దలు. నేను తల పెట్టి ఉంటే బాగుండేది. నేను పెట్టింది దేవుణ్ణి. ఆ పోటుకు ఎట్లా వెరవాలో ఏ పెద్దా చెప్పలేదు.

"అమ్మా, తప్పయిపోయింది. ఒక్క గంటలో కొట్టి సెరిపేస్తా," అని సుత్తి ఎత్తాను.

"ఆగు! శిలువ మీద సుత్తి దెబ్బేస్తావా? నా ఇంట్లో? నా కండ్ల ముందర?"

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. అప్పటికి వీధి వీధంతా వాకిట్లో చేరింది. ఎవరో పోయి పాస్టరయ్యను పిలుచుకొచ్చారు. ఆయన అద్దాలు తుడుచుకుని రోట్లోకి తొంగి చూశాడు.

"మేరమ్మా, మనం రాతికి మొక్కేవాళ్లం కాదు. గుర్తు వేరు, ప్రభువు వేరు. నిరభ్యంతరంగా రుబ్బుకోవచ్చు."

"అట్లయితే అయ్యగారూ, మొదటి గిన్నె పప్పు మీరు రుబ్బండి."

పాస్టరయ్య రోటి వంక చూశాడు. గుండు వంక చూశాడు. "నాకు భుజం నొప్పమ్మా," అని అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే, ఏం జేస్తాం. పక్కింట్లో రుబ్బుకుంటా," అని టీచరు అలివేలమ్మను గోడ మీదుగా కేకేసింది. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటారే, ఇక్కడ రోలు పోయి రోలుతోనే మొరపెట్టుకుంటోంది.

"అలివేలమ్మా, ఆదివారం మీ రోలు కావల్ల!"

"అయ్యో మేరక్కా! మాది పూజలో ఉండాది! దీపం గూడా పెట్టినా. రేపు దోసెలకు మీ ఇంటికే వస్తామనుకుంటి!"

రెండు తలకాయలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి.

"ఆడ గూడా నువ్వేనా?" అంది టీచరు.

"నేనేనమ్మా."

"ఇంకా ఎన్ని ఇండ్లల్లో పెట్టినావప్పా దేవుండ్లను?"

"మీతో ఆపేసినానమ్మా," అన్నాను. ఓదార్పుగా ఉంటుందని అన్నాను. ఉన్నట్టు లేదు.

అప్పుడు పెళ్లికూతురు కాబోయే పిల్ల లోపలి నుంచి తొంగి చూసి, "అమ్మా, వడలు లేకుంటే వాళ్లు ఏమనుకుంటారో," అని ఏడుపు మొదలుపెట్టింది. అంతవరకూ నా గొడవ నాదిగానే ఉంది. ఆ పిల్ల ఏడుపు చూశాక నిజంగా సిగ్గేసింది. "ఏడవొద్దు తల్లీ. రేపటికి కొత్త రోలు తెస్తా, నా తల తాకట్టు పెట్టైనా తెస్తా," అని మాటిచ్చాను. తల ఎవరికి తాకట్టు పెట్టాలో నాకు బాగా తెలుసు.

ఆళ్లగడ్డ చేరి మామ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన చెక్కుతున్న ఉలి ఆపకుండానే విన్నాడు. "సోమవారం" అనే మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తెల్లారి రెండు కొత్త రోళ్లను బస్సు టాపు మీదికి ఎక్కించాం. ఎక్కించాం అంటే, నేను ఎక్కించాను, ఆయన చూశాడు. నంద్యాలలో దించింది కూడా నేనే. కొత్త రోట్లో రాతిపొడి పోవడానికి ముందు తవుడు రుబ్బి పారేయాలి. రెండిళ్లలోనూ మూడేసి సార్లు తవుడు రుబ్బింది కూడా నేనే. ఆడవాళ్లు రోజూ చేసే ఆ పని ఎంత బరువో నాలుగేళ్లు రోళ్ల మధ్య బతికినా నాకు ఆ రోజే తెలిసింది.

మామ మాత్రం పాత రోళ్ల ముందు గొంతుకూర్చున్నాడు. శిలువ మీద వేలు పెట్టి చుక్క చుక్కా తడిమాడు. గోడ దూకి పోయి నామాన్నీ తడిమాడు. మేరమ్మ టీచరు అడిగింది.

"మీ అల్లునికి బుద్ధి చెప్పరా పెద్దాయనా?"

"చెప్తానమ్మా. పితూరీ రాసుకున్యా. దండిగా రాసుకున్యా."

ఆ మాటతో నా స్తంభాలు కూలిపోయాయి. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఇక జన్మంతా రోళ్లే. పైగా నంద్యాలలో నన్ను ఏ వీధిలోకీ రానివ్వరు, కాబట్టి కోయిలకుంట్ల రోళ్లు, సంజామల రోళ్లు. ఊరు దగ్గరపడుతుండగా మామ గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం పొద్దున్నే స్తంభాలకాడికి రా."

నేను నమ్మలేదు. "మామా! పితూరీ వచ్చింది కదా?"

"ఒకటి గాదు, రెండొచ్చినాయి."

"మరి?"

"మరేం జేయమంటావురా అల్లుడా? నిన్ను ఇంకో వారం గంట్లకు పంపితే, నంద్యాలలో రుబ్బుకునేదానికి ఒక్క రోలు మిగలదు. నువ్వు ఉలి పెట్టిన ప్రతి రాయికీ జనం దండం పెడ్తాండారు. అదేందో మొక్కే రాయి మీదనే పెట్టు, మా పానాలు తీయకుండా!"

అట్లా, అయ్యలారా అమ్మలారా, పని చెడగొట్టి పై పనికి ఎక్కిన ఏకైక మనిషిగా నేను శిల్పిని అయ్యాను. ఆ తర్వాత ఎన్ని స్తంభాలు, ఎంతమంది దేవుళ్లు ఈ చేతి మీదుగా పోయారో లెక్కలేదు. పితూరీ ఒక్కటీ లేదు. ఆదివారం నాటి వడలు బాగా కుదిరాయని, మగపెళ్లివారు రెండోసారి అడిగి వేయించుకున్నారని కూడా తర్వాత తెలిసింది.

కనుక మీ అందరి సమక్షంలో, ఉలి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. రోలు గానీ, తిరగలి గానీ, మనిషి తిండి నలిగే ఏ రాతి మీదా నా కంఠంలో ప్రాణం ఉండగా దేవుణ్ణి చెక్కను, చెక్కనివ్వను. మొన్న మా కోడలు కొత్త మిక్సీ మీద దేవుడి స్టిక్కరు అంటించబోయింది. పరుగున పోయి చెయ్యి పట్టుకున్నాను. "వద్దమ్మా, రేప్పొద్దున ఊరిబిండి తినల్ల," అన్నాను.